క్రొత్త ఇంజనుకు తగిన బరువు



మన సంఘమునకు ఒక పాత అంబాసిడర్ కారు ఉన్న సంగతి మీలో అనేకులెరుగుదురు. ఉత్తరపారాలోని కర్మాగారములో ఈ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినది. అయినను మన కారు గ్రామ కూటములకు బోధకులను, ఆసుపత్రికి రోగులను, అత్తవారింటికి పెండ్లికుమార్తెలను మోయుచునే వచ్చినది. గత సంవత్సరము దాని ఇంజను నీలిపొగ చిమ్ముచు, పెట్రోలుతో సమానముగా నూనె త్రాగసాగెను. అప్పుడు దానిని సికింద్రాబాదు దగ్గర మౌలాలిలో ఒక చిన్న షెడ్డుకు తీసికొనిపోతిమి.

అక్కడి మేస్త్రి ఇంజనును పూర్తిగా విప్పి, నాలుగు సిలిండర్లకు బోరింగు చేయించి, క్రొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి తిరిగి బిగించెను. బండి తెచ్చుకొనుటకు నేను పోయిన దినమున తాళపుచెవి నా చేతిలో పెట్టక ముందే ఇట్లనెను: "సారూ, బండి తయారయ్యింది గని ఇంకా కుదురుకోలె. మొదటి ఎనిమిది వందల కిలోమీటర్లు దీన్ని దౌడు తియ్యనియ్యొద్దు. గట్లని ఇంటి ముంగట నిలవెట్టి ఊకె చాలు చేసి ఉంచొద్దు. రెండూ తప్పే."

తొందరపెట్టరాదను మాట నాకు అర్థమైనది. క్రొత్త ఎద్దును తొలి దినముననే నిండు బండికి కట్టు రైతు ఎవడు? కాని ఊరక తిరుగనిచ్చిన చెరుపేమిటో తెలియలేదు. అడుగగా అతడు వివరించి చెప్పెను. బోరింగు చేసిన సిలిండరు గోడ కంటికి నున్నగా కనబడినను, దానిమీద అడ్డదిడ్డముగా సన్నని గీతలుండును. అవి కావలెనని గీసినవే. వాటిలో నూనె నిలుచును. క్రొత్త రింగు ఆ గోడకు రాచుకొనుచు, రెంటి గరుకును అరుగగా, ఒకదానికొకటి సరిగా అమరును. అయితే రింగును గోడకు గట్టిగా అదుమునది దాని స్వంత బిగువు మాత్రమే కాదు. పైన మండు వాయువుల ఒత్తిడియే ముఖ్యము. ఇంజను బరువు లాగినప్పుడే ఆ ఒత్తిడి పుట్టును. బరువు లేకుండ చాలకాలము తిరిగినయెడల రింగు అమరదు. నూనె గోడమీద మాడి, గాజువలె నున్నని పొరగా పేరుకొనును. ఆ మీదట ఎంత నడిపినను అది అమరుట కష్టము. క్రొత్త ఇంజనే అయినను నూనె త్రాగుచునే యుండును. మరల విప్పవలసినదే. ఇక మొదటనే మితిమీరి బరువు వేసినయెడల, రాపిడికి వేడి హెచ్చి, నూనె పొర చిరిగి, పిస్టను సిలిండరులో పట్టివేయును. ఒకటి నిదానముగా చెరుపును, మరియొకటి ఒక్క గడియలో చెరుపును.

ఇది విన్నప్పుడు నా మనస్సు కారును విడిచి మన సంఘమునకు పోయెను.

పేరు చెప్పను. మనలో ఒక సహోదరుడు అనేక సంవత్సరముల త్రాగుడు మానివేసి ప్రభువునొద్దకు వచ్చెను. మనము సంతోషించితిమి, సంతోషింపవలసినదే. అయితే నెల తిరుగకముందే అతనిని ఊరూర త్రిప్పి వేదికలమీద సాక్ష్యము చెప్పించితిమి. అది చాలదన్నట్లు కోతపండుగ కానుకల పెట్టె అతనికి అప్పగించితిమి. "చూడుడి, ప్రభువు ఎంత మార్చెనో" అని చెప్పుకొనుటకు మనకు ఒక గురుతు కావలసియుండెను. ఆ పెట్టెలోని డబ్బు కొంత కల్లు దుకాణమునకు పోయెను. అప్పుడు మనమేమంటిమి? "అతడు మారనే లేదు" అంటిమి. ఆ తీర్మానము చేసిన పెద్దలలో నేనును ఒకడను. క్రొత్త ఇంజనును తొలి దినమే ఘాటురోడ్డెక్కించి, పట్టివేసినప్పుడు ఇనుమును నిందించితిమి.

దీనికి మారు తప్పిదమును చేసితిమి. మరియొక యౌవనస్థురాలు బాప్తిస్మము పొంది, మూడు సంవత్సరములు వెనుక చాపమీద కూర్చుండెను. చదువు వచ్చినది, గొంతు మంచిది. సండేస్కూలు చెప్పుమనియైనను, రోగుల యింట ప్రార్థనకు రమ్మనియైనను ఎవరును పిలువలేదు. "ఇంకను క్రొత్తది గదా, చూతము" అంటిమి. ఎవరితోను తగవులేకుండ, ఒక ఆదివారము ఆమె వచ్చుట మానెను. మొదటివాని పతనము ఊరంతయు ఎరుగును. ఈమె చల్లబడుట ఎవరును గమనింపలేదు. ఏది పెద్ద నష్టమో నేను చెప్పలేను.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న యున్నది. నమ్మదగినవాడని రుజువైన తరువాతనే ఒకనిని నమ్మవలెనా? అట్లయిన, ఎవరును నమ్మనివాడు తాను నమ్మదగినవాడనని ఎట్లు రుజువు చేయును? రుజువు కాకముందే నమ్మవలెనా? అట్లయిన, నష్టపోవు పేదల కానుకలకు ఎవరు ఉత్తరవాదులు?

మౌలాలి ఈ ప్రశ్నకు ఒక జవాబు నేర్పెను. అక్కడ దక్షిణ మధ్య రైల్వేవారి లోకో షెడ్డు ఉన్నది. డీజిలు షెడ్లలో విప్పి బాగుచేసిన రైలింజనును తిన్నగా ప్రయాణికుల బండికి తగిలింపరు. దానిని నిలిపియుంచి, లోడ్ బాక్సు అను పరికరమునకు కలుపుదురు. ఇంజను పుట్టించు విద్యుత్తంతయు అందులో వేడిగా ఖర్చగును. మెట్టు వెంబడి మెట్టుగా బరువు పెంచుచు, నూనె ఒత్తిడి ఎంత, నీటి వేడి ఎంత, ఎక్కడైన కారుచున్నదా అని చూతురు. బరువు నిజమైనదే; ఇంజను నిజముగానే కష్టపడును. కాని అప్పుడు లోపము బయటపడిన యెడల దారిలో నిలిచిపోవు ప్రయాణికుడెవడును లేడు.

కావున నమ్మకమన్నది బలము రుజువైన తరువాత ఇచ్చు బహుమానము కాదు. కండ్లు మూసికొని వేయు పందెమును కాదు. కొలతతో ఇచ్చినప్పుడు బలమును పుట్టించునది నమ్మకమే. రింగును గోడకు అమర్చునది ఆ ఒత్తిడియే గదా!

వేదము ఈ రెండు వైపులను చూపుచున్నది. క్రొత్తగా చేరినవానిని అధ్యక్షునిగా చేయవద్దని, అతడు గర్వమువలన పడిపోవునని అపొస్తలుడు హెచ్చరించెను (1 తిమోతి 3:6). క్రొత్తగా పెండ్లియైనవానిని ఒక సంవత్సరము యుద్ధమునకు పంపరాదని మోషే ధర్మశాస్త్రము విధించెను (ద్వితీయోపదేశకాండము 24:5). అయితే మూడుసార్లు బొంకిన పేతురును ప్రభువు ఊరక కూర్చుండబెట్టలేదు. తీరమున నిప్పులయొద్ద భోజనము పెట్టి, తన గొఱ్ఱెపిల్లలను అతనికి అప్పగించెను (యోహాను 21). పంఫూలియలో పని విడిచిపోయిన మార్కును తిరిగి వెంటబెట్టుకొనుటకు పౌలు ఒప్పుకొనలేదు, బర్నబా ఒప్పుకొనెను (అపొ. కార్యములు 15:37-39). కొన్ని సంవత్సరములకు ఆ మార్కే తనకు ప్రయోజనకరుడని పౌలే వ్రాసెను (2 తిమోతి 4:11). నడుమ ఆ యౌవనస్థునితోకూడ ఎవడో ఒకడు నడిచెనని మరువకుడి.

యంత్రమును మనుష్యునితో పోల్చుట అంతయు సరికాదని కొందరనవచ్చును. నిజమే. ఇంజనుకు సిగ్గు తెలియదు. తన్ను పరీక్షించుచున్నారని అది బాధపడదు. మనుష్యునికి తెలియును. అందుచేతనే దూరముగా నిలిచి కనిపెట్టుట చాలదు. ఆ మేస్త్రి బండి నాకిచ్చి పొమ్మనలేదు. మొదటి పర్యాయము నా ప్రక్కన కూర్చుండి, ఈసీఐఎల్ మీదుగా కీసర వరకు వచ్చెను. ఎత్తు వచ్చినప్పుడు "ఇప్పుడు కొంచెం తొక్కుండ్రి" అనెను. పిమ్మట "ఇగ విడువుండ్రి, చల్లబడనియ్యుండ్రి" అనెను. దారి పొడవున అతని చెవి ఇంజనుమీదనే యుండెను.

అతడు మరి రెండు మాటలు చెప్పెను. మొదటి నూనెను త్వరగా మార్చవలెను. అందులో సన్నని ఇనుప రజను వచ్చును. దానిని చూచి భయపడనక్కరలేదు. అమరునప్పుడు అట్టిది రాలుట సహజమే, దానిని లోపలనే ఉంచుటయే హాని. ఆ మీదట బండిని తిరిగి తెచ్చి హెడ్డు బోల్టులు బిగింపించుకొనవలెను; ఏలయనగా వేడెక్కి చల్లారగా గాస్కెట్టు కొంచెము అణగును. క్రొత్త విశ్వాసి నోట పాత మాట జారినప్పుడు, పాత కోపము లేచినప్పుడు, మనము "ఇదిగో, బయటపడెను" అందుము. బయటపడుట మేలే. దానిని ప్రేమతో తీసివేసి, క్రొత్త నూనె పోయుడి. బాప్తిస్మపు దినమున చేయి కలిపి విడిచిపెట్టక, మూడు నెలలకు మరల అతని గుమ్మము త్రొక్కుడి.

ఆ సహోదరునియొద్దకు నేను పోయి, తప్పు మనదియు నున్నదని ఒప్పుకొంటిని. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "డబ్బు ముట్టను అయ్యగారూ, మరేదైన చెప్పండి" అనెను. ఇప్పుడు అతడు శనివారము సాయంత్రము మందిరము ఊడ్చి, చాపలు పరచుచున్నాడు. ప్రతి శనివారము మనలో ఒకరు అతనితోకూడ ఊడ్చుచున్నారు. గడచిన నెల కానుకలు లెక్కించునప్పుడు, ముగ్గురిలో ఒకనిగా అతనిని కూర్చుండుమంటిమి. అతని చేయి వణకెను. కాని లెక్క సరిపోయెను.

ఆ యౌవనస్థురాలి యింటికి ఇంకను ఎవరును పోలేదు. ఈ మాటలు చదువుచున్న మీలో ఎవరు పోవుదురు? చేతిలో ఒక చిన్న పని పట్టుకొని పోవుడి.

క్రొత్తవారి భుజములకు తగిన కాడిని కొలిచి ఇచ్చు జ్ఞానమును, వారి ప్రక్కన నడుచు ఓపికను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.