కుక్క నాపాక్ అయితే రాయి విసరవచ్చా?

మొన్న వేసవిలో ఒకరోజు అసర్ నమాజ్ ముగించుకుని మసీదు నుంచి బయటికి వస్తున్నాం. వెనకవైపు వుజూ కుళాయిల దగ్గర పిల్లల కేకలు వినిపించాయి. వెళ్లి చూస్తే ఒక వీధికుక్క గోడమూలన నక్కి ఉంది. కుళాయిల కింద నిలిచిన నీళ్లు తాగడానికి వచ్చినట్టుంది. నలుగురైదుగురు పిల్లలు దాని మీద రాళ్లు రువ్వుతున్నారు. ఒక రాయి ముందుకాలికి తగిలింది. అది అరుస్తూ, కుంటుకుంటూ గేటు సందులోంచి పారిపోయింది. మేము గద్దిస్తే వారిలో పెద్దవాడు ఏమాత్రం తొణక్కుండా, "హజ్రత్! కుక్క నాపాక్ అని మీరే కదా చెప్పారు?" అన్నాడు.

నిజమే, చెప్పాం. ఆదివారం ఉదయం ఆ పిల్లలకు దీనీ పాఠాలు చెప్పేది మేమే. కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలని చెప్పాం. కుక్క ఉన్న ఇంట్లోకి కారుణ్య దూతలు రారని చెప్పాం. దప్పికగొన్న కుక్కకు నీళ్లు తాగించినవారి సంగతి మాత్రం వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాం. ఆ వచ్చే వారం రాలేదు. సగం పాఠం చెప్పి వదిలేసిన తప్పు మాదే. ఆ మిగతా సగాన్ని ఇప్పుడు పిల్లలతోపాటు పెద్దలకూ విన్నవించుకుంటున్నాం.

ముందు షరీఅత్ ఆదేశాలను ఉన్నవి ఉన్నట్టుగా చెప్పుకుందాం. దయ పేరుతో వాటిని పలుచన చేయాల్సిన అవసరం లేదు. వేటకోసమో, పశువుల మంద కాపలాకోసమో, పొలంకోసమో తప్ప కుక్కను పెంచుకునేవారి పుణ్యంలోంచి ప్రతిరోజూ ఒక ఖీరాత్ తగ్గిపోతుందని హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించారు. మరో ఉల్లేఖనంలో రెండు ఖీరాత్‌లని ఉంది. కనుక కేవలం ముచ్చటకోసం, హోదాకోసం వేలకు వేలు పోసి విదేశీ జాతి కుక్కను కొని హాల్లో సోఫా మీద కూర్చోబెట్టుకోవడం విశ్వాసికి తగదు. ఇంటి కాపలా కూడా నిజమైన అవసరమేనని, పైన చెప్పిన మినహాయింపులతో పోల్చి పలువురు పండితులు అనుమతించారు. మన ప్రాంతంలో గొర్రెల మందల వెంట నడిచే కుక్క సంగతి సరేసరి, దానికి హదీసులోనే అనుమతి ఉంది.

ఇక నాపాక్ మాట. ఇక్కడ మనవాళ్లలో చాలా అపోహలున్నాయి. కుక్క తాకితే వుజూ పోతుందనుకుని మళ్లీ వుజూ చేసేవారిని చూశాం. వుజూ పోదు. పొడిగా ఉన్న కుక్క పొడిబట్టకు రాసుకుంటే ఆ బట్టను కడగాల్సిన పని కూడా లేదు. మనలో అత్యధికులు అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం కుక్క లాలాజలం అశుద్ధం. అది అంటిన చోటు కడుక్కుంటే చాలు. షాఫయీ, హంబలీ పండితులు కుక్క మొత్తం అశుద్ధమేనన్నారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) అయితే కుక్కను అశుద్ధంగా పరిగణించలేదు, పాత్ర కడగడాన్ని ఒక ఆరాధనగా అర్థం చేసుకున్నారు. దైవప్రవక్త (స) కాలంలో కుక్కలు మస్జిదె నబవీలోకి వచ్చిపోతుండేవని, అందుకని అక్కడ నీళ్లు చల్లేవారు కాదని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) చెప్పిన మాట సహీహ్ బుఖారీలో ఉంది. ఆనాడు మసీదుకు గేట్లు లేవు, ఆవరణలోకి కుక్క రాకుండా ఆపే ఏర్పాటు లేదు. అయినా ఇది మరచిపోకూడని ఉల్లేఖనం.

ఒక్క విషయం గమనించండి. ఈ పండితులు ఎంతగా విభేదించుకున్నా వారి చర్చంతా పాత్ర గురించి, బట్ట గురించి, నీటి గురించి. కుక్కను కొట్టవచ్చని వారిలో ఏ ఒక్కరూ అనలేదు. అశుద్ధం అన్నది మనం కడుక్కోవలసిన విషయం. అది ఆ జీవి చేసిన నేరం కాదు. అది తన నాలుకను తాను తయారు చేసుకోలేదు కదా! సృష్టించినవాడు అల్లాహ్. భూమిపై నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీలాంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ అన్‌ఆమ్ సూరా 38వ ఆయత్‌లో తెలిపాడు. కహఫ్ సూరా చదివేవారికి గుహవాసుల కుక్క తెలిసిందే. శుక్రవారం ఆ సూరా పారాయణం చేయడం మనలో చాలామందికి అలవాటు. ఆ యువకులు గుహలో నిద్రిస్తుంటే ముందుకాళ్లు చాపుకుని గడప దగ్గర పడుకున్న ఆ కుక్క ప్రస్తావన 18వ ఆయత్‌లో వస్తుంది. 22వ ఆయత్‌లో వారు ఎంతమంది అన్న చర్చ వచ్చినప్పుడు ప్రతి లెక్కలోనూ కుక్క ఉంది. ఉదయం ఆ ఆయత్ చదివి సాయంత్రం వీధిలో కుక్కను తన్నేవాడు ఏం చదివినట్టు?

ఇప్పుడు పిల్లలకు చెప్పకుండా మేము దాటవేసిన హదీసుకు వద్దాం. బనీ ఇస్రాయీల్‌లో ఒక వ్యభిచారిణి ఉండేది. ఒక కుక్క దప్పికతో చావుకు దగ్గరై బావి చుట్టూ తిరుగుతుండగా ఆమె చూసింది. అక్కడ చేద లేదు, తాడు లేదు. తన కాలి మేజోడు విప్పి, దానిని తల మీది వస్త్రానికి కట్టి, బావిలోంచి నీళ్లు తోడి ఆ కుక్కకు తాగించింది. ఆ కారణంగా అల్లాహ్ ఆమెను క్షమించాడు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. ఆమె నమాజుల గురించి ఇందులో ఏమీ లేదు. దానధర్మాల గురించీ లేదు. చూసే మనిషి లేడు, మెచ్చుకునేవారు లేరు. ఆ కుక్క ఆమెది కూడా కాదు. తోలుమేజోడులో కుక్కకు నీళ్లిస్తే ఆ మేజోడు ఏమవుతుంది? మనమైతే ముందు అదే ఆలోచించేవాళ్లం. ఆమె ఆలోచించలేదు.

ఇలాంటిదే మరో హదీసు ఉంది. బాటసారి ఒకడు దాహంతో బావిలోకి దిగి నీళ్లు తాగి పైకి వచ్చేసరికి ఒక కుక్క దాహానికి తాళలేక తడిమట్టిని నాకుతోంది. నాకు పట్టిన దాహమే దీనికీ పట్టిందనుకుని అతను మళ్లీ దిగాడు. మేజోడు నిండా నీళ్లు నింపి, దాన్ని నోట కరచుకుని పైకి ఎక్కాడు. ఇది విన్న సహాబాలు ఆశ్చర్యంతో, పశువుల విషయంలోనూ మాకు పుణ్యం ఉందా అని అడిగారు. ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ పుణ్యం ఉందని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. దీనికి పూర్తి భిన్నమైన వృత్తాంతం పిల్లిని కట్టేసిన స్త్రీది. తాను తిండి పెట్టలేదు, పురుగూ పుట్రా తిని బతకడానికి వదిలిపెట్టనూ లేదు. ఆ పిల్లి చనిపోయింది, ఆమె నరకానికి పోయింది. పిల్లి ఇంట్లో తిరగగల జంతువు, కుక్క లాలాజలం నాపాక్. అయినా పిల్లిని హింసించినామె నరకంలో ఉంది, కుక్కకు నీళ్లిచ్చినామెకు క్షమాపణ దొరికింది.

సీరత్ రచయిత వాఖిదీ ఒక సంఘటన రాశారు. హిజ్రీ 8వ యేట మక్కా వైపు పదివేల సైన్యం కదులుతుండగా దారిలో ఒక ఆడకుక్క తన పిల్లలకు పాలిస్తూ కనిపించిందట. సైనికులెవరూ దానికి ఇబ్బంది కలిగించకుండా దైవప్రవక్త (స) ఒక సహాబీని అక్కడ కాపలా పెట్టారట. వాఖిదీ కథనాలను హదీసు విద్వాంసులు బలమైనవిగా ఎంచరు. కనుక దీన్ని ఆధారంగా చూపడం లేదు. పై రెండు సహీహ్ హదీసులే మనకు చాలు.

కరిచే కుక్కల మాటేమిటని మీరు అడుగుతారు. అడగాల్సిందే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల బాలుణ్ణి చంపేశాయి. ఆ దృశ్యాలు టీవీలో చూసిన ఏ తల్లికి నిద్ర పట్టి ఉంటుంది? ఇస్లాం ఈ భయాన్ని కొట్టిపారేయదు. హరం సరిహద్దుల్లో సైతం చంపడానికి అనుమతి ఉన్న ఐదు ప్రాణుల్లో కరిచే కుక్క ఒకటి. మదీనాలో ఒక దశలో కుక్కలను చంపమన్న ఆదేశం వచ్చిన మాటా వాస్తవమే. అయితే ఆ తర్వాత దైవప్రవక్త (స) దాన్ని నిలిపివేశారు. కుక్కలు కూడా ఒక సముదాయం కాకపోయి ఉంటే వాటినన్నింటినీ చంపమని ఆదేశించేవాణ్ణని ఆయన అన్నట్లు అబూ దావూద్‌లో ఉంది. అంటే ప్రమాదకరమైనది వేరు, జాతి మొత్తం వేరు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలోని వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలన్న సుప్రీంకోర్టు, ఆగస్టు 22న ఆ ఉత్తర్వును సవరించింది. పిచ్చి పట్టినవాటిని, దూకుడుగా ఉన్నవాటిని మినహాయించి, మిగతావాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా చేయించి పట్టిన చోటే వదలాలని చెప్పింది. ఇది చదివినప్పుడు మాకు ఆ హదీసే గుర్తొచ్చింది.

చంపక తప్పనిచోట కూడా పద్ధతి ఉంది. ప్రతి విషయంలోనూ ఉత్తమరీతిని అల్లాహ్ విధించాడని, చంపేటప్పుడు సైతం దాన్ని పాటించాలని హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖనంలో ఉంది. జిబహ్ చేసే కత్తిని పదును పెట్టుకోవాలన్న ఆదేశమూ అందులోనిదే. మాంసంలో విషం కలిపి వీధిలో పడేస్తే కుక్కలు గంటల తరబడి గిలగిల కొట్టుకుని చస్తాయి. అది ఏ ఉత్తమరీతి? రాళ్లు రువ్వడం వల్ల కుక్కకాట్లు తగ్గవు సరికదా, దెబ్బతిన్న కుక్క మరింతగా కరుస్తుంది. సందుల్లో మాంసం వ్యర్థాలు పారబోయకపోవడం, మున్సిపాలిటీవారు టీకాలు వేయడానికి వచ్చినప్పుడు సహకరించడం మన చేతిలో ఉన్న పనులు. కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటికింద పావుగంటసేపు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో టీకా వేయించుకోవాలి. నాటువైద్యం, తాయెత్తులు నమ్ముకుని కూర్చోకండి. రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు.

తర్వాతి ఆదివారం పిల్లలకు ఈ రెండు హదీసులూ చెప్పాం. రాయి విసిరిన పెద్దవాడు పాఠమంతా తల వంచుకునే కూర్చున్నాడు. రెండు రోజులకు వాళ్లింటి నుంచి అంచు విరిగిన ఒక మట్టిమూకుడు తెచ్చాడు. దాన్ని మసీదు లోపల కాకుండా, గేటు బయట వేపచెట్టు కింద పెట్టించాం. మౌజన్ సాహెబ్ మొదట కొంచెం సణిగారు గానీ, ఫజర్‌కు నీళ్లు పట్టేటప్పుడు ఇప్పుడు ఆయనే దాన్నీ నింపుతున్నారు. "మరి ఈ మూకుణ్ణి రోజూ ఏడుసార్లు కడగాలా, హజ్రత్?" అని అడిగాడు పిల్లవాడు. ఇది కుక్కలదే కదా నాయనా, మనం తాగేది కాదుగా, మామూలుగా కడిగితే చాలని చెప్పాం. ఆ కుంటికుక్క మాత్రం ఇంకా దగ్గరికి రావడం లేదు. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక, చీకటి పడ్డాక వచ్చి తాగి పోతోందని మౌజన్ సాహెబ్ అంటున్నారు.