కొలతల పుస్తకంలో మూడో సంతకం

శ్రమకు వెల కట్టగలమా? కట్టలేమని సాహిత్యంలో మనం చాలాకాలంగా చెప్పుకుంటున్నాం. చెమటబొట్టు అమూల్యమని కవులు రాశారు; అధ్యాపకులం దాన్ని పాఠంగా చెప్పాం. నేనూ చెప్పాను. ఆ మాటలో వున్న ప్రమాదమేమిటో వొక ముసలమ్మ చెప్పేదాకా నాకు తెలియలేదు.

నిరుడు మా విద్యార్థులతో కలిసి నాగార్జునసాగర్ ఆనకట్టనూ, అక్కడికి 11 కిలోమీటర్ల దూరంలో వున్న ఎత్తిపోతలనూ చూడబోయాను. ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. సుమారు 124 మీటర్ల ఎత్తున్న ఆ గోడ ప్రధానంగా రాతికట్టడం. యంత్రాలకూ సిమెంటుకూ కరువైనా మనుషులకు కరువులేని దేశం కనుక కాంక్రీటుకు బదులు రాతిని ఎంచుకున్నారు. వేలాది స్త్రీపురుషులు ఆ రాళ్ళు మోశారు. ఎత్తిపోతల దగ్గర చంద్రవంక 70 అడుగుల నుంచి దూకుతుంటే నేను కొంత ఆవేశంగానే మాట్లాడాను. యీ నీటికి వెల లేదన్నాను. ఆ రాళ్ళెత్తిన చేతులకూ వెల లేదన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తిరుగుదారిలో మాచర్ల దగ్గర వొక విద్యార్థి ఇంట్లో మజ్జిగ తాగుతూ కూర్చున్నాం. అతని నాయనమ్మ పడుచుతనంలో ఎవరో కంట్రాక్టరు కింద రాతి కట్టుబడి పనికి పోయిన మనిషి. మనవడు నా ఉపన్యాసం ఆమెకు వినిపించాడు. ఆమె నవ్వి, "వెల లేదని మాత్రం అనబాక నాయనా. ఆ మాట అన్నోళ్ళెవరూ మాకు సరిగ్గా ఇయ్యలా" అన్నది. కాసేపాగి మళ్ళీ అన్నది: "గోడలో నిలబడ్డ రాయికే లెక్క. మోసేటప్పుడు జారిపడిందీ, కుదర్లేదని తీసి పారేసిందీ లెక్కలోకి రాదు. నడుం మాత్రం రెంటికీ వొకటే నొప్పి."

ఆమె చెప్పినది ఫిర్యాదు మాత్రమే కాదు. అందులో వొక శాస్త్రం వున్నది. కట్టడాన్ని కొలిచి ధర కట్టేవారిని ఇంగ్లీషువాళ్ళు క్వాంటిటీ సర్వేయర్లన్నారు. మన ప్రభుత్వ పనుల్లో ఆ పని ఎక్కువగా ఓవర్సీర్లూ ఇంజనీర్లూ చేస్తారు. కట్టి పూర్తయి స్థానంలో నిలిచినదాన్ని కొలవడమే వారి సాధారణ సూత్రం. పొడవు, వెడల్పు, ఎత్తు హెచ్చవేస్తే ఘనపరిమాణం. దాన్ని రేటుతో హెచ్చవేస్తే సొమ్ము. మోసిన దూరాన్ని 'లీడు' అంటారు, పైకెత్తిన ఎత్తును 'లిఫ్టు' అంటారు. కొంత దూరం, కొంత ఎత్తు దాటితే అదనపు రేటు ఇవ్వాలి. అనగా మనిషి ఎత్తిపోసిన బరువుకు ఆ లెక్కలో స్థానం లేకపోలేదు.

యీ లెక్క కెక్కే పుస్తకం కొలతల పుస్తకం. దాని నిబంధనలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. పేజీలకు వరస అంకెలుండాలి. ఏ అంకెనూ చెరపకూడదు. తప్పు పడితే కొట్టివేసి పక్కన సంతకం చేయాలి. సత్యాన్ని గురించి ఇంత పట్టుదల మన సాహిత్య విమర్శలో కూడా లేదేమో! కాని ఆ పుస్తకంలో సంతకాలు రెండు పక్షాలవే: కొలిచిన అధికారిది వొకటి, ఒప్పుకున్న కంట్రాక్టరుది మరొకటి. రాయి మోసిన మనిషి సంతకానికి అందులో చోటు లేదు. ఆమె శ్రమను కొలిచారు. ఆ కొలతను ఆమెకు చూపలేదు.

ఇక్కడ మన మిత్రులు వొక ఆక్షేపణ తెస్తారు. పనిని కొలిచి కూలి ఇవ్వడమే దోపిడీ కదా అంటారు. ఆ ఆక్షేపణను తేలిగ్గా తోసివేయలేం. 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్స్ దీనికి వొక అధ్యాయమే కేటాయించాడు. పనిని బట్టి కూలి అయినప్పుడు కార్మికుడు తన్ను తానే అదిలించుకుంటాడు. యజమానికి కాపలా ఖర్చు తగ్గుతుంది. అందరూ వేగంగా పనిచేయడం అలవాటయ్యాక రేటు తగ్గించడానికి వీలు చిక్కుతుంది.

అయితే కొలత మానేస్తే న్యాయం జరుగుతుందా? హాజరుపట్టీ కూడా ఎవరో వొకరి చేతిలో వుండేదే. లేనివారి పేర్లు అందులో ఎక్కవచ్చు, వున్నవారి పేర్లు ఎగిరిపోవచ్చు. కొలత లేనిచోట దయ రాజ్యం చేస్తుంది. దయ మీద బ్రతికేవాడు హక్కు అడగలేడు. కనుక కొలవాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏది లెక్కకెక్కుతుంది, దాన్ని నిర్ణయించేదెవరు అన్నదే ప్రశ్న.

యీ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా పోయింది. రాజస్థాన్‌లో కరువు పనిగా వొక రోడ్డు వేయించారు. అప్పటి కనీస వేతనం రోజుకు 7 రూపాయలు. 20 మందిని వొక ముఠాగా కట్టి, పక్షానికొకసారి ముఠా చేసిన పనిని కొలిచి, దాన్ని బట్టి కూలి పంచారు. చాలామందికి ఏడు రూపాయలు రాలేదు. సంజిత్ రాయ్ వేసిన ఆ కేసులో 1983లో కోర్టు తీర్పు చెప్పింది: కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే, కరువు సాయమనే పేరు అందుకు సాకు కాదు. దీని అర్థం చాలా దూరం పోతుంది. టేపు ఎంత చూపినా, మనిషి బ్రతకవలసిన కొలత వొకటి వున్నది. టేపు దాని కిందికి దిగరాదు.

రెండో అడుగు మన రాష్ట్రంలోనే పడింది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం 17వ సెక్షనులో గ్రామసభ చేత సామాజిక తనిఖీ జరగాలని రాశారు. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఆ తనిఖీలు విస్తృతంగా జరిగాయి. హాజరుపట్టీలు బయటికి తీశారు. గుంటలు మళ్ళీ కొలిచారు. ఎవరి పేరున ఎంత పడిందో అందరి ముందు చదివారు. అంతటితో అన్యాయం అంతరించలేదు. అయినా ఆఫీసు బీరువాలో వుండే లెక్క రచ్చబండ మీదికి రావడం చిన్న మార్పు కాదు. అదే నేననుకునే మూడో సంతకం.

యీ మార్పులో సాహిత్యజీవుల పాత్ర ఏమిటి? మనం కూలివానికి కీర్తి ఇచ్చాం, కన్నీరూ ఇచ్చాం. లెక్క మాత్రం అవతలివాడికే వదిలిపెట్టాం; లెక్క కవిత్వానికి తక్కువదని మన లోపల వొక అహంభావం వున్నది. "వెలలేనిది" అన్న మాట నోట గౌరవంగా ధ్వనిస్తుంది. చెల్లింపు రోజున అదే మాట సున్నా అవుతుంది. శ్రమ విలువంతా రేట్ల పట్టికలో ఇమిడిపోతుందని నేననను. ఇమడనిది మిగులుతుంది. అయితే ఇమిడినంతవరకూ పైసాతో సహా చెల్లించిన తరువాతే, మిగిలినదాన్ని గురించి పద్యం రాసే హక్కు మనకు వస్తుంది.

ఎత్తిపోతల దగ్గర నేనన్న మాట ఇంకొకటి కూడా దిద్దుకోవాలి. నేను వెలలేనిదన్న ఆ నీరంతా వానచలవ కాదు. జలపాతం ఎండిపోకుండా సాగర్ కుడికాలువ నీటిని అందులోకి వదులుతూ వచ్చారు. ఆ నీరు పారింది రాళ్ళెత్తినవాళ్ళ చేతుల మీదుగానే. యీసారి పిల్లల్ని అక్కడికి తీసుకుపోయినప్పుడు, ఉపన్యాసానికి ముందు వొక టేపూ, వొక రేట్ల పట్టికా వారి చేతికిస్తాను. ఆ అవ్వ వస్తానంటే, లెక్క ఆమె ముందే వేయిస్తాను.