ఐకమత్యం ఎప్పుడూ మంచిదేనా?



"ఐకమత్యమే బలం" అని మనమందరం చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నాం. ఆ మాట నిజమే. అయితే బలం మంచికీ పనికివస్తుంది, చెడుకూ పనికివస్తుంది. నలుగురు కలిసి బావి తవ్వవచ్చు, నలుగురు కలిసి ఒకడిని బావిలోకి తొయ్యనూ వచ్చు. మరి ఐకమత్యం దానంతట అదే సుగుణమా? లేక దానిని సుగుణంగా మార్చేది వేరొకటి ఉన్నదా? ఈ ప్రశ్నను ఆలోచించడానికి మిమ్మల్ని ఈ వారం కొంచెం దూరం, అమెరికా విశ్వవిద్యాలయాల ఆటస్థలాలకు తీసుకుపోతాను.

అక్కడి అనేక విశ్వవిద్యాలయాలకు స్వంత మార్చింగ్ బ్యాండు ఉంటుంది. వారి ఫుట్‌బాల్ పోటీ మధ్య విరామంలో వందమందికి పైగా విద్యార్థులు వాద్యాలు వాయిస్తూ, అడుగులో అడుగు కలిపి మైదానమంతా నడుస్తారు. హోలీ క్రాస్ సభ గురువులు ఇండియానా రాష్ట్రంలో 1842లో స్థాపించిన నోటర్ డామ్ విశ్వవిద్యాలయపు బ్యాండు ఆ దశాబ్దంలోనే మొదలై నేటికీ కొనసాగుతున్నది. ఇటువంటి బ్యాండుల్లో చేరేవారు చాలామంది సంగీతం చదివేవారు కారు, ఇంజనీరింగో వాణిజ్యమో చదివే పిల్లలు. తరగతులు మొదలుకాకముందే ఎండలో రోజుల తరబడి సాధన చేస్తారు. ఐదు గజాల దూరాన్ని సరిగ్గా ఎనిమిది అడుగుల్లో నడవడం వాళ్లు ముందుగా నేర్చుకొనే పాఠాల్లో ఒకటి. అడుగు ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు.

ఈ బ్యాండులో డ్రమ్ములవారి వరుసను గమనించండి. అందులో బాసు డ్రమ్ములు సాధారణంగా ఐదు ఉంటాయి. చిన్నదాని నుండి పెద్దదాని వరకు ఒక్కొక్కదానిది ఒక్కొక్క స్థాయి. ఒక్కొక్కరు ఒక్క డ్రమ్మునే మోస్తారు. వేగంగా దొర్లిపోయే దెబ్బల వరుసను ఏ ఒక్కరూ పూర్తిగా వాయించరు. మొదటి దెబ్బ ఒకరిది, రెండవది పక్కవాడిది, మూడవది ఆ పక్కవాడిది. వినేవారికి మాత్రం అంతా ఒకే మనిషి వాయించినట్టు వినిపించాలి. తన భాగాన్ని గదిలో ఒంటరిగా సాధన చేసే విద్యార్థికి వినిపించేదేమిటి? ఒక దెబ్బ, కొంత నిశ్శబ్దం, మళ్లీ ఒక దెబ్బ. అందులో పాట లేదు. నలుగురితో కలిసి నిలబడిన రోజునే తాను ఇన్నాళ్లు వాయించినదేమిటో అతనికి అర్థమవుతుంది. అతని నిశ్శబ్దం ఉత్త ఖాళీ కాదు, అది పక్కవాడి కోసం వదిలిన చోటు.

మరొక విశేషం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణం చేస్తుంది. మైదానంలో ఈ వైపు గోలు గీత నుండి ఆ వైపు గోలు గీతకు 100 గజాలు, అంటే సుమారు 91 మీటర్లు. ఆ చివర కొట్టిన దెబ్బ ఈ చివర వినిపించడానికి పావు సెకనుకు పైగా పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల చొప్పున నడిచే పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకనే వ్యవధి. కాబట్టి దూరంగా ఉన్నవాడు తన చెవికి వినిపించినదానిని నమ్మి వాయిస్తే తాళం తప్పుతాడు. అతను అబద్ధమాడడం లేదు, అశ్రద్ధగానూ లేడు. అతనికి నిజంగానే అలా వినిపించింది. అయినా తప్పే. అందుకే డ్రమ్ములవారు డ్రమ్ మేజరు చేతులను కంటితో అనుసరిస్తారు. డ్రమ్ మేజరు అంటే చేతులతో తాళం చూపే విద్యార్థి నాయకుడు. డ్రమ్ములకు ముందు నిలిచినవారు వెనుక నుండి వచ్చే డ్రమ్ముల శబ్దాన్ని ఆధారం చేసుకుంటారు.

ఇందులో మన కుటుంబాలకూ ఒక పాఠం ఉన్నది. "నేను చూసింది చూసినట్టే చెబుతున్నాను" అని తండ్రి అంటాడు, కొడుకూ అదే అంటాడు. ఇద్దరూ నిజాయితీపరులే. కాని ఇద్దరూ నిలబడిన చోట్లు వేరు. ఎవరి చెవిని వారు పట్టుకొని కూర్చుంటే ఆ ఇంట్లో తాళం కుదరదు. ఇద్దరూ కలిసి చూడగలిగిన ఒక గురి కావాలి.

ఇక్కడ ఒకరు అభ్యంతరం చెప్పవచ్చు. "ఫాదర్‌గారూ, ఇలా అడుగు కొలిచి, దెబ్బ కొలిచి మనిషిని యంత్రంలో మరను చేయడం లేదా?" న్యాయమైన ప్రశ్నే. అయితే మర అరిగితే తీసిపారేసి మరొకటి బిగిస్తారు. మరకు తానేం చేస్తున్నదీ తెలియదు. బాసు డ్రమ్ము విద్యార్థికి తెలుసు. పక్కవాడు ఈ రోజు కాస్త ముందుకు తోస్తున్నాడని గ్రహించి సర్దుకొంటాడు. తన ఒక్క దెబ్బ లేకపోతే వరుసలో కంత పడుతుందనీ ఎరుగును. అంటే ఆ వరుస అతనిని మింగివేయలేదు. అతడు తప్పనిసరి అని చెప్పి అతనికొక స్థానమిచ్చింది.

ఇంతవరకు బాగానే ఉన్నది. ఇప్పుడు రెండవ వైపు చూడాలి.

ఫ్లోరిడా ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం నల్లజాతివారి విద్య కోసం స్థాపించబడినది. దాని బ్యాండు ఎంతో పేరుగాంచింది. ఫ్రెంచి విప్లవం జరిగి 200 సంవత్సరాలు నిండిన సందర్భంగా 1989 జూలైలో పారిస్ నగరంలో జరిగిన ఊరేగింపులో అమెరికా తరఫున పాల్గొన్నది. అదే బ్యాండులో 2011 నవంబరు 19న, ఓర్లాండో నగరంలో ఒక పోటీ ముగిసిన తరువాత, ఆగివున్న బస్సులో 26 ఏళ్ల డ్రమ్ మేజరును తోటి సభ్యులు కొట్టారు. అది డ్రమ్ములవారి బస్సు. కొత్తవారిని "మనవాడు" అని ఒప్పుకోవడానికి సాగే ఆచారమట! బస్సు ముందు నుండి వెనుకకు నడవాలి, ఇరువైపుల నుండి దెబ్బలు పడుతుంటే ఓర్చుకోవాలి. ఆ రాత్రి ఆ యువకుడు చనిపోయాడు. తరువాత కొందరు విద్యార్థులకు శిక్షలు పడ్డాయి. 2012లో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాజీనామా చేశాడు. 2013 వరకు బ్యాండు మైదానంలో అడుగుపెట్టలేదు.

పగలు మైదానంలో ఒద్దికగా నడిచినదీ, రాత్రి బస్సులో గుంపుగా కొట్టినదీ ఆ బ్యాండువారే. రెండు చోట్లా కలిసికట్టుతనం ఉన్నది. మరి తేడా ఎక్కడ?

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో ఒక సంగతి గమనించాడు. ఒకే మనుషులు ఒకసారి విషాద నాటకపు బృందంగా, మరొకసారి హాస్య నాటకపు బృందంగా నిలబడవచ్చు. మనుషులు మారలేదు, వారి కూర్పు మారింది. కాబట్టి బృందం కూడా మారింది. మంచి పిల్లలంతా చేరితే మంచి బృందమే అవుతుందని మనం అనుకుంటాం. కాని వారు దేని కోసం, ఏ పద్ధతిలో కూడారన్నది చూడాలి. జర్మన్ తత్త్వవేత్త కాంట్ మరొక కొలబద్ద ఇచ్చాడు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదు, అతడే ఒక గమ్యమని గుర్తించాలి. మైదానంలో బృందం "నీ దెబ్బ మాకు కావాలి" అన్నది. బస్సులో "నీ ఒళ్లు మాకు కావాలి" అన్నది. మైదానంలో ఒకరు పక్కవాడికి చోటు వదిలారు. బస్సులో ఒకరికి తప్పించుకొనే చోటే లేకుండా చేశారు.

కనుక ఐకమత్యం దానంతట అదే సుగుణం కాదు. అందులోని ప్రతి మనిషికి చోటు, గౌరవం దక్కినప్పుడే అది సుగుణం. "ఇది తప్పు, నేను చేయను" అన్నవాడు కూడా "మనవాడు"గానే మిగలాలి. అలా మిగలలేని బృందంలో ఉన్నది భయం. భయం కూడా మనుషులను ఒక వరుసలో నిలబెట్టగలదు. చూసేవారికి అది క్రమశిక్షణలాగే కనిపిస్తుంది.

ఇది అమెరికా కథ అని తీసివేయకండి. మన రాష్ట్రంలో ర్యాగింగును నిషేధిస్తూ 1997లో చట్టం చేయవలసి వచ్చింది. చట్టం హాస్టలు గేటు దాకా వస్తుంది, గదిలోపలికి రావలసింది మనస్సాక్షి. తల్లిదండ్రులారా, సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లలను మార్కుల సంగతి తరువాత అడగండి. ముందుగా "మీ స్నేహితుల గుంపులో కాదనగలిగిన స్వేచ్ఛ నీకున్నదా? మీ గుంపు వల్ల ఎవరైనా ఏడుస్తున్నారా?" అని అడగండి. జవాబు చెప్పడానికి వాళ్లు తడబడితే కోప్పడక ఓపికగా వినండి.

యువతీ యువకులారా, గుడిలో పాటల బృందంలోనో, ఊరి క్రికెట్టు జట్టులోనో, కాలేజీలోనో మీరు ఏదో ఒక వరుసలో నిలబడే ఉంటారు. మీ దెబ్బ మీరు సరిగ్గా కొట్టండి, పక్కవాడి దెబ్బకు చోటు వదలండి. అందరూ కలిసి ఒకడిని కొడుతున్నప్పుడు మాత్రం చెయ్యి దించండి. ఆ క్షణంలో వరుస తప్పినవాడే తాళం తప్పనివాడు.