పాత దేహము, క్రొత్త చట్రము

ఒక వస్తువునకు పేరు దేనినిబట్టి నిలుచును? కంటికి గనబడు రూపమునుబట్టియా, కంటబడక బరువు మోయు లోపలి చట్రమునుబట్టియా? ఈ ప్రశ్న తర్కశాస్త్రము చదివినవారికి మాత్రమే తోచునది కాదు. నల్లగొండలోనో మహబూబ్‌నగరులోనో ఒక మోటారు షెడ్డు ముందర నిలిచి, మూడు తరములనాటి విల్లీసు జీపు బాడీని గొలుసులతో పైకెత్తి తరువాతికాలపు జీపు ఛాసిస్సుమీదికి దింపుట చూచినచో ఎవనికైనను తోచును. రంగు వేసి, పాత అద్దము నిలిపి, బండిని వీథిలోనికి తెచ్చిన పిమ్మట యజమానుడు “ఇది మా తాతనాటి జీపు” అనును. ఇంజనును ఇరుసులను మోయు చట్రము మాత్రము తాతనాటిది కాదు. ఆయన పలికినది సత్యమా, అసత్యమా?

ఈ బండిపై మనవారికి గల మమకారము అకారణమైనది కాదు. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యముకొరకు 1941లో విల్లీసు కంపెనీవారు పెద్దయెత్తున చేయ మొదలిడిన జీపు, యుద్ధానంతరము పొలములకును అడవులకును దిగినది. స్వాతంత్ర్యము వచ్చిన దినములలో మహీంద్రా కంపెనీవారు విడిభాగములు తెప్పించి బొంబాయిలో వానిని కూర్ప నారంభించిరి. 1948 సెప్టెంబరులో భారతసేనలు సూర్యాపేట మార్గమున హైదరాబాదు రాజ్యములో ప్రవేశించెను. 1952లో సమాజాభివృద్ధి పథకము ప్రారంభమై బ్లాకు అధికారులు పల్లెలు తిరుగసాగిరి. 1955లో నందికొండవద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. ఆ యేండ్లలో రాతినేలలును, వాగులును, ఎడ్లబండ్ల బాటలును గల ఈ మెట్టసీమకు ప్రభుత్వము జీపెక్కి వచ్చెడిది. దూరమున దాని దుమ్ము కనబడినచో కొందరికి భయము, కొందరికి ఆశ. అట్టి వస్తువును తుక్కువానికి తూకమునకు అమ్ముటకు మనసొప్పకపోవుట సహజమే.

అయినను ఇనుమునకు తుప్పు తప్పదు. చట్రపు కమ్మీలు లోపలినుండి తినబడి, కమానుపట్టీలు బిగించు చోట్ల పగులును. ఆ కాలపు విడిభాగములు దొరకుట కష్టము. అప్పుడు తరువాతి మహీంద్రా చట్రము నొకదానిని తెచ్చి దానిపై పాత బాడీ నెక్కింతురు. జీపు బాడీ చట్రముతో ఏకమైనది కాక బోల్టులతో బిగించినదగుటచే ఈ పని సులభముగా దోచును. కాని కొలతలు కలియవు. యుద్ధకాలపు విల్లీసునకు ముందరి ఇరుసునుండి వెనుకటి ఇరుసునకు దూరము 80 అంగుళములు; మహీంద్రా ఎం.ఎం. 540కి 91 అంగుళములు. ఈ పదునొకండు అంగుళములే సమస్త కష్టములకును మూలము. ఉన్నదున్నట్లు దింపినచో వెనుకచక్రము తన గూటిలో కూర్చుండదు. బాడీని సాగదీసినచో రూపము చెడును. చట్రమును కోసి అతికినచో ప్రయాణికుల ప్రాణము ఆ అతుకుపై నాధారపడును. వెనుక ఇరుసునకు తిరుగుడు నందించు షాఫ్టును గూడ కురుచ చేయవలసివచ్చును. యుద్ధకాలపు జీపునకు స్టీరింగు ఎడమవైపున నుండును, మన బండ్లకు కుడివైపున. 6 వోల్టుల తీగెలు తీసి 12 వోల్టులవి వేయవలెను. గేరుకడ్డీకొరకు అడుగురేకును మరియొకచోట తొలువవలెను. ఒక్కొక్క దిద్దుబాటుతో పాతది కొంత తొలగుచునే యుండును.

పూర్వులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. బౌద్ధగ్రంథమగు మిలిందపన్హలో నాగసేన భిక్షువు యవనరాజగు మిలిందుని, “నీవెక్కి వచ్చిన రథ మేది?” యని ప్రశ్నించును. ఇరుసు రథము కాదు, చక్రములు రథము కావు, కాడి రథము కాదు. అన్నియు కూడినచోట వ్యవహారమునకు పెట్టుకొన్న పేరే రథమని తేల్చును. గ్రీకుదేశమున ప్లూటార్కు థీసియసు నౌకను గూర్చి వ్రాసెను. ఏథెన్సువారు పుచ్చిన పలకలను ఒక్కొక్కటిగా మార్చుచు రాగా, అది ఆ నౌకయే యని కొందరును కాదని కొందరును వాదించిరట. ఈ రెండు విచారములవలనను మనకు తెలియునది యొక్కటే. ఇనుమును ఎంత పరీక్షించినను ‘అదే’ అను గుణము ఇనుములో దొరకదు. అది మన వ్యవహారములో నున్నది. ఇంతమాత్రముచేత ఎట్లు పిలిచినను ఒకటియే యని స్వేచ్ఛ పుచ్చుకొనరాదు. పేరు నలుగురి నడుమ ఒడంబడిక యైనందుననే దానిని పలుకువాడు నలుగురికిని బాధ్యుడు. వినువాడు ఆ పేరువలన ఏమి గ్రహించునో ఎరిగియుండి, అతడు గ్రహింపవలసినదానిని దాచుట మోసము.

దాచక చేసిన మార్పునకు మన సీమలోనే నిదర్శనములు గలవు. శ్రీశైలము జలాశయమున మునుగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయిగా విప్పి, పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలోని ఆలంపురమున మరల నిలిపిరి. రాళ్లు బాదామి చాళుక్యులనాటివే. నేల మాత్రము వేరు. ఏ సంగమమువలన ఆ దేవునకు పేరు వచ్చెనో ఆ సంగమ మిప్పుడు గుడి యెదుట లేదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని యాదగిరిగుట్టలో పని మరియొక విధమున జరిగినది. గుహలోని స్వయంభూమూర్తి కదలకుండగనే చుట్టును ఆలయమును క్రొత్తగా కట్టి, 2022 మార్చి 28న దర్శనమునకు తెరచిరి. పనులు జరిగినంతకాలము భక్తులు బాలాలయమున మ్రొక్కుకొనిరి. ఒకచోట దేహము పాతది, నేల క్రొత్తది. మరియొకచోట గర్భము పాతది, దేహము క్రొత్తది. రెండుచోట్లను పేరు నిలిచినది. జరిగిన మార్పు లోకవిదిత మగుటచే ఎవరును మోసపోలేదు.

చట్టము ఈ విషయమున తన యవసరమునుబట్టి చట్రమును పట్టుకొన్నది. చట్రముమీద అంకె చెక్కబడియుండును. బండి దొంగిలబడినను, చేతులు మారినను, మనుష్యుని గ్రుద్దినను ఆ అంకెయే సాక్షి. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారుచేసినవారు మొదట నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా నిలిపెను. 2021లో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన సొంతబండ్లకు ‘వింటేజి’ అను ప్రత్యేకగౌరవము కల్పించినది. కాని చట్రమునందును బాడీయందును ఇంజనునందును పెద్దమార్పు పొందక మొదటి రూపమున నున్నవానికే ఆ గౌరవము. కావున మనము చెప్పుకొనుచున్న జీపు ఆ పంక్తిలో కూర్చుండజాలదు. పాతచట్రపు అంకెను కోసి క్రొత్తదానిపై అతికించి కూర్చుండబెట్టువాని పనిని దొంగసంతకముతో సమానముగా నెంచవలెను.

“అట్లయిన పగిలిన చట్రముతోనే బండి నడుపుమందురా?” అని యొకరు ఆక్షేపింపవచ్చును. ఎంతమాత్రము కాదు. పాతదానిపై గౌరవము యజమానుని సొంతము. త్రోవన నడచిపోవువాని ప్రాణము ఆయన సొంతము కాదు. బలమైన చట్రమును, పట్టుగల బ్రేకులను కోరుటలో అధర్మము లేదు. చట్టము ఒప్పునంతవరకే మార్చి, ఆ మార్పును పత్రమున కెక్కించి, కొనువానికి ముందుగా చెప్పవలెను. అనుమతి రాని బండిని రోడ్డెక్కింపక ఇంటిముందర నిలుపుకొనవచ్చును. అప్పుడు “బాడీ మా తాతనాటిది, చట్రము నేను మార్పించితిని” అని యజమానుడు తలయెత్తి చెప్పగలడు. ఆ మాటవలన బండి వెల కొంత తగ్గునేమో కాని, ఆయన మాటకు వెల తగ్గదు. మొదట నడిగిన ప్రశ్నకు నాకు దోచిన సమాధాన మిదియే. అయినను ఒక నష్టమును ఒప్పుకొనవలెను. దశాబ్దములు బరువు మోసిన పాతచట్రము తుక్కులోనికి పోవును. కనబడినదానికి మెరుగు దక్కును. మోసినదానికి తూకపువెల దక్కును. ఇంటి బరువు మోయు స్త్రీలను తలచుకొనువారికి ఈ న్యాయము క్రొత్తగా నుండదు.

ఈ విచారమును బండ్లతో విడిచిపెట్టక మన యిండ్లకును అన్వయించి చూడవలెను. ఏలయన సంఘమున మనము పెక్కుచోట్ల చేయునది దీనికి తలక్రిందులైన పని: పాతచట్రముపై క్రొత్తబాడీ. పెండ్లిపత్రిక ఆంగ్లమున అచ్చగును. వధూవరు లిరువురును పట్టభద్రులు. మండపము దీపములతో వెలుగును. వరకట్నమును 1961లోనే చట్టము నిషేధించినది. అయినను లోపల జరుగు బేరము పాతబేరమే; దానికి ‘కానుక’ యను రంగు పూయుదుము. ఇల్లు కాంక్రీటుతో కట్టినది, వంటయిల్లు గ్యాసుపొయ్యిది. పనిమనిషికి మాత్రము గ్లాసు వేరు. ఈ బండి చదునైన దారిలో చక్కగనే పోవును. గుంత వచ్చినప్పుడు విరుగునది లోపలి చట్రము. గాయపడునది సాధారణముగా ఆ యింటి ఆడపిల్ల.

దీనికంటె షెడ్డులోని మెకానికు పని మేలు. పండుగ, పాట, ముగ్గు, వంట, బంధువుల పిలుపు – ఈ పాతరూపములలో ప్రేమింపదగిన దెంతో కలదు. వానిని నిలుపుకొని, వాని క్రింది చట్రమును సమానతతో క్రొత్తగా కట్టుకొనవచ్చును. అచ్చటను కొలతలు కలియని పదునొకండు అంగుళములు ఎదురగును. తండ్రి కుమార్తెను వస్తువువలె దానమిచ్చు తంతును, ఆమెను స్వతంత్రవ్యక్తిగా నెంచు సంసారమును ఒకటిగా బిగింపబోయినచో ఏదో యొకటి కోయక తప్పదు. పాతరూపమునకు భంగము కలుగునని చట్రమును కోసినచో ఆ అతుకుమీద జీవితకాలము కూర్చుండవలసినది ఆమెయే. కావున కోత రూపమునకే పడవలెను. ఆ కోత మాన్పుకొనుటకు పెద్దలు కొంత బాధపడుదురు. ఆ బాధ న్యాయమైన ఖర్చు.

మన పిల్లలు మన యింటిపేరును, పండుగలను, ముచ్చటలను మన చేతినుండి పుచ్చుకొందురు. వానిక్రింద ఏ చట్రమున్నదో, దానిలో ఏది పాతదో, ఏది మనము మార్చితిమో, ఏది మార్చవలసియుండియు మార్చలేకపోతిమో వారికి దాచక చెప్పుట మన విధి. తక్కిన మరమ్మతు వారు చేసికొందురు.