అశక్తతయే అర్పణము

మానవుడు తన అశక్తతను రెండు విధముల చెప్పుకొనును. "నావలన కాదు" అని పని విడిచి కూర్చుండుట మొదటిది. "నావలన కాదు స్వామీ, నీవే నడిపింపుము" అని పనికి పూనుకొనుట రెండవది. ఈ రెంటికి గల భేదమును తెలియగోరువారికి తరిగొండ వెంగమాంబ జీవితమే నిదర్శనము.

గుర్రంకొండ చెంతగల తరిగొండ గ్రామమున కానాల కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు క్రీ.శ. 1730 ప్రాంతమున ఆమె జన్మించెను. బాల్యముననే వివాహము, బాల్యముననే వైధవ్యము ప్రాప్తించినవి. వితంతువు ఎదురువచ్చుటయే అశుభమని తలచిన కాలమది. స్త్రీకి అక్షరాభ్యాసమే అరుదు. ఇట్లు విధియు, లోకాచారమును ఏకమై ఆ బాలిక చుట్టును గిరి గీసినవి.

శ్రీహరియే తన పతియని నమ్మిన ఆమె వైధవ్యచిహ్నములను ధరింప నిరాకరించెనని సంప్రదాయము చెప్పుచున్నది. లోకము నిందించినది. తరిగొండ నృసింహస్వామి సన్నిధియే ఆమెకు శరణమైనది. మదనపల్లెకు చెందిన సుబ్రహ్మణ్య గురువు ఆమెకు యోగమార్గము నుపదేశించెను. పిదప ఆమె తిరుమల చేరి, తుంబురుతీర్థపు కోనయందు తపమాచరించి, 1817లో సిద్ధి పొందువరకు శ్రీనివాసుని సేవయందే జీవించెను.

గురువులచెంత ఓనమాలు నేర్వలేదనియు, ఛందస్సు నెరుగననియు ఆమెయే తన కావ్యమున చెప్పుకొనెను. పలుకునది తాను కాదనియు, పలికించువాడు స్వామియే యనియు విన్నవించెను. ఇచట గమనింపదగిన దొకటి కలదు. నేర్వలేదని చెప్పిన ఆ తల్లి వ్రాయుట మానలేదు. నృసింహ శతకము, యక్షగానములు, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము, వేంకటాచల మాహాత్మ్యము ఆమె రచనలే. స్వామి పలికించునని నిజముగ నమ్మినవారు గంటమును చేతబట్టియే ఆయన పలుకునకు ఎదురుచూతురు.

"భారము భగవంతునిదైనచో మానవ ప్రయత్నమేల?" యని కొందరు సందేహింతురు. చెరువు తూమును చూడుడు. అది మిక్కిలి చిన్నది. అందు తనదనదగు నీటిబొట్టు ఒక్కటియు లేదు. అయినను చెరువు నంటియుండుటచేత ఆయకట్టునంతను తడుపుచున్నది. కాని తూము తెరచియుండవలెను. ఆ తెరచియుండుటయే మానవ ప్రయత్నము, నీరు భగవదనుగ్రహము. అర్జునుని నిమిత్తమాత్రుడవు కమ్మన్న శ్రీకృష్ణుడు గాండీవమును దించుమని చెప్పలేదు.

శరణాగతికి ఫలముగ కష్టము తప్పక తొలగునని ఎంచరాదు. స్వామి వెంగమాంబ వైధవ్యమును తొలగింపలేదు. నిందించు నోళ్ళను ఆనాడే మూయింపలేదు. గీసిన గిరి అట్లే యుండెను. ఆమె మాత్రము దానిని మించి ఎదిగెను. మంగళకార్యములకు తగదని లోకము దూరముంచిన ఆమె పేరనే తిరుమలలో నేటికిని ఏకాంతసేవావేళ స్వామికి ముత్యాలహారతి జరుగుచున్నది. "తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి" యను నానుడి వెలసినది. సంతానమెరుగని ఆమెను జనులు 'మాతృశ్రీ' యని కొలుచుచున్నారు. తిరుమలలో 2011లో ప్రారంభమైన అన్నప్రసాద సముదాయమునకు ఆమె పేరే పెట్టిరి. అచట ప్రతిదినము వేలాది భక్తుల ఆకలి తీరుచున్నది.

చదువు లేదనియు, వయస్సు మీరినదనియు, ఆదుకొనువారు లేరనియు క్రుంగువారు ఎందరో కలరు. వారు ఆ లోపమును దాచుకొన పనిలేదు. దానికి సిగ్గుపడ పనిలేదు. దానినే పుష్పముగ స్వామి పాదములచెంత నుంచి, చేతనైనంత పనిని నేడే ఆరంభింపవలెను. చేతగాక మిగిలిన శేషమును పూరించుట ఆ శేషశైలవాసుని వంతు.