ఈస్టరు మరునాడు

నలభై రోజులు మందు ముట్టని మనిషి నలభై ఒకటో రోజు మళ్ళీ సీసా పట్టుకుంటే, ఆ నలభై రోజులు లెక్కలోకి వస్తాయా, రావా? నెల్లూరు సముద్రతీరంలోని మన యానాది కాలనీల్లో ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది.

భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు రోజు వరకు 46 రోజులు. ఆదివారాలు తీసేస్తే 40. లెంటు అన్నా, శ్రమల దినాలు అన్నా అవే. చర్చికి వెళ్ళే మనవాళ్ళలో కొందరు ఆ రోజుల్లో మందు, బీడీ, ఖైనీ మానేస్తారు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు 41 రోజులు మానేస్తారు. రంజాన్ నెలలో ముస్లింలు పగలంతా మంచినీళ్ళు కూడా తాగరు. దేవుళ్ళు వేరైనా మనిషి తన మీద తాను పెట్టుకునే కట్టడి ఒకలాంటిదే.

"గడువు దాటగానే మామూలే కదా, ఇదంతా నటన" అని చదువుకున్న మన కుర్రాళ్ళు వెక్కిరిస్తుంటారు. నేను ఒప్పుకోను. ఆ ఇంటి ఇల్లాలిని అడిగి చూడండి. నలభై రోజులు కూలి డబ్బులు ఇంటికొచ్చాయి. రాత్రిపూట గొడవ లేదు. పిల్లలు కడుపునిండా తిని పడుకున్నారు. తరువాత ఏం జరిగినా, ఆ నలభై రాత్రులు అబద్ధమని ఎవరూ అనలేరు.

ఇంకో లాభం కూడా ఉంది. రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా, నడుము లోతు నీళ్ళలో పని, అది పడకపోతే ఒళ్ళు కదలదు అంటుంటారు. నలభై రోజులు మానినవాడు ఆ మాట నిజం కాదని తనకు తానే రుజువు చేసుకున్నాడు. వ్రతం మనకు కొత్త బలం ఇవ్వదు, మనలో ఉన్న బలాన్ని మనకే చూపిస్తుంది. చూశాక "నా చేతుల్లో ఏముంది" అనే సాకు చెల్లదు. వ్రతం వల్ల వచ్చే బాధ్యత అదే.

ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరగవచ్చు, ప్రాణానికే ప్రమాదం కావచ్చు. అలాంటివాళ్ళు డాక్టరుకు చూపించుకుని మానాలి. అది జబ్బు, దానికి సిగ్గుపడనక్కర లేదు.

మరి ఈస్టరు మరునాడు ఎందుకు జారిపోతాం? అలవాటు కుదురుకోవడానికి నలభై రోజులు చాలకపోవచ్చు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొత్త అలవాటు వాటంతట అదే జరిగే స్థితికి రావడానికి సుమారు 66 రోజులు పట్టిందట, కొందరికి 18, కొందరికి 254. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. ఈ లెక్కన ఈస్టరు నాటికి మనం ఇంకా సగం దారి దాటి కొంత దూరమే వచ్చి ఉంటాం. ఒక రోజు తప్పినంత మాత్రాన "ఇక అంతే" అని వదిలేయనక్కర లేదు.

రెండో కారణం మన జిల్లా చరిత్ర చెబుతుంది. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు, అక్షరాస్యత తరగతుల్లో కూడి మాట్లాడుకున్నవాళ్ళు, సారాకు ఎదురు తిరిగారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ తల్లులు మొగుళ్ళకు నిగ్రహం ఉండాలని బుద్ధులు చెప్పి ఊరుకోలేదు, ఊళ్ళోకి సారానే రానివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. అంగడి ఎదురుగా ఉంటే మనసొక్కటే ఎంతకాలం నిలబడుతుంది? అంగడి మూసినా మనసు మారకపోతే అదెంతకాలం? రెండూ కావాలి.

లెంటులో మానడం తేలికవడానికి కారణం చుట్టూ ఉన్నవాళ్ళు కూడా మానడమే. అప్పుడు ఎవరూ "రారా" అని పిలవరు. ఈస్టరుతో ఆ కంచె తొలగిపోతుంది. దాన్ని మనమే కట్టుకోవాలి. తోడుగా మానే ఒక మనిషిని చూసుకోవాలి. కూలి దొరికిన రోజు అంగడి లేని దారిన ఇంటికి రావాలి. డబ్బు ముందు ఇల్లాలి చేతిలో పెట్టాలి.

ఇక ఉపవాసం మాట. ఒక పూట తిని ఒక పూట పస్తుండే తల్లికి ఏడాదంతా లెంటే. గర్భిణులను, బాలింతలను, రక్తహీనత ఉన్నవాళ్ళను, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళను పస్తుండమనడం భక్తి కాదు. వాళ్ళకు వ్రతం అంటే చేర్చుకోవడం కావాలి: రోజుకో గుడ్డు, ఆకుకూర, మన తాతలు తిన్న పీతలు, చేపలు, మానకుండా ఐరన్ మాత్ర. యెషయా గ్రంథం 58వ అధ్యాయం కూడా ఆ మాటే చెబుతుంది: బంధించినవాళ్ళ కట్లు విప్పడం, ఆకలిగొన్నవాళ్ళతో అన్నం పంచుకోవడం నిజమైన ఉపవాసమని. వెట్టిని చట్టం 1976లోనే రద్దు చేసింది. అయినా అడ్వాన్సు పేరుతో ఒక యానాది కుటుంబాన్ని గుంట దగ్గర కట్టిపడేసి, తాను మాత్రం మాంసం మానితే ఆ యజమాని ఉపవాసానికి అర్థమేమిటి?

తోటి ఉపాధ్యాయులకు ఒక సూచన. ఏ మతం పేరూ ఎత్తకుండా బడిలో పిల్లల చేత ఈ లెక్క చేయించండి. రోజుకు 20 రూపాయల ఖైనీ మానితే 40 రోజులకు 800 రూపాయలు. రోజుకు 5 రూపాయల చిప్స్ ప్యాకెట్టు మానితే 200. ఆ డబ్బుతో ఏం కొనవచ్చో పిల్లలనే రాయమనండి. ఇంటికెళ్ళి వాళ్ళే చెబుతారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నలభై రోజుల్లో నాలుగు మానినవాళ్ళు నాలుగూ జీవితాంతం మోయలేకపోవచ్చు. ఈస్టరు రోజు అన్నం తిన్నాక ఇంట్లో కూర్చుని ఒక్కటి ఎంచుకోండి. దాన్ని ఇంకో 26 రోజులు పట్టుకోండి. అప్పటికి 66 దాటుతుంది. ఎంచుకున్నది ఏమిటో ఇంట్లో ఒకరికి, కాలనీలో ఒకరికి చెప్పండి. అడిగేవాళ్ళు ఉంటే మాట నిలబడుతుంది.