కణం చావు, మనిషి త్యాగం

శరీరం నిలవడానికి కణాలు చస్తాయి కాబట్టి, సమాజం కోసం వ్యక్తి చావడం ప్రకృతి ధర్మమేనని వాదించేవారు మనలో కూడా వున్నారు. సాహిత్య సభల్లో ఈ వాదం విన్నాను, కవిత్వంలోనూ చూస్తున్నాను. వాదించేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే శాస్త్ర సత్యం నుంచి నీతిని తీసేటప్పుడు, ముందు ఆ సత్యమేమిటో చూడాలి. తరువాత దాన్నుంచి మన నీతికి దారి వున్నదో లేదో చూడాలి.

కణం ముఖ్యంగా రెండు విధాల చస్తుంది. దెబ్బ తగిలినా, కాలినా, రక్తం అందకపోయినా ఉబ్బి పగిలి చస్తుంది. లోపలి పదార్థమంతా బయటపడి చుట్టూ వాపు పుట్టిస్తుంది. రెండవ రకం చావులో కణం ముడుచుకొని చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది. పక్క కణాలు వాటిని మింగేస్తాయి, వాపు వుండదు. 1972లో కెర్, విల్లీ, కరీ అనే ముగ్గురు దీనికి 'ఎపాప్టోసిస్' అని పేరు పెట్టారు. చెట్టునుంచి ఆకు రాలడమని ఆ గ్రీకు మాటకు అర్థం.

తల్లి కడుపులో శిశువు చెయ్యి మొదట తెడ్డులాగా వుంటుంది. వేళ్ల నడుమ కణాలు చావమనే సంకేతం అందుకొని చచ్చాకనే వేళ్లు విడివడతాయి. బాతు కాలిలో ఆ సంకేతాన్ని మరొక ప్రోటీను అడ్డగిస్తుంది కాబట్టి వేళ్ల మధ్య పొర నిలిచిపోతుంది. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగు ద్విలింగ రూపంలో 1090 దేహకణాలు పుడితే వాటిలో 131 చస్తాయి. ప్రతి పురుగులోనూ చచ్చేవి ఆ కణాలే. ఈ పురుగుమీద పనిచేసిన బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్‌లకు 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. చావుకు కావలసిన సాధనాలు కణంలోనే సిద్ధంగా వుంటాయని ఈ పరిశోధనల వల్ల తెలిసింది. చావవలసిన కణాలు చావకుండా పెరిగితే కాన్సరుకు దారి తీస్తుంది. దెబ్బతిన్న కణాన్ని నిలిపి, అవసరమైతే చావుకు పంపే పీ53 అనే ప్రోటీను దాదాపు సగం కాన్సర్లలో పాడై వుంటుంది. చావు హెచ్చినా కీడే. పార్కిన్సన్ వ్యాధిలో నశించేవి కదలికను అదుపు చేయడానికి కావలసిన నాడీకణాలు.

ఇంతవరకు శాస్త్రం. ఇక్కడినుంచి మనవాళ్లు ఉపమలోకి దూకుతారు: కణం వ్యక్తి, శరీరం సమాజం. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి అలంకారశాస్త్రం అడిగే ప్రశ్నే నేనూ అడుగుతాను. వీటి మధ్య సాధారణ ధర్మం ఏది? శరీరంలోని కణాలన్నీ ఒకే కణం నుంచి పుట్టినవి, దాదాపు ఒకే జన్యుసంపద కలవి. వేళ్ల నడుమ చచ్చిన కణం వారసత్వం పక్క కణంలో నిలిచే వుంటుంది. కూలివాడు చస్తే అతని బతుకు యజమాని బతుకులో నిలవదు గదా! అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి వుంది. కణం సరేననదు, కాదనదు. కాదనగలిగినవాడు సరేననడమే త్యాగం. అందుచేత కణానిది చావేగాని త్యాగం కాదు.

ఈ ఉపమ కొత్తది కాదు. పురుషసూక్తం ఒకే శరీరాన్ని చూపి బ్రాహ్మణుణ్ణి నోరు చేసింది, శూద్రుణ్ణి పాదాలనుంచి పుట్టించింది. క్రీ.పూ. 494లో రోములో సామాన్యజనం నగరం వదిలిపోతే, మెనీనియస్ అగ్రిప్పా కడుపూ అవయవాల కథ చెప్పి వాళ్లను మెత్తబరిచాడని లివీ రాశాడు. కథ చెప్పినవాడు కడుపు పక్షం మనిషి. హిట్లరు పక్షంవాళ్లు జర్మను ప్రజను 'జాతి శరీరం' అని, యూదులను అందులో రోగమని అన్నారు. మన శిబిరానికీ ఈ మచ్చ వుంది. 1936–38 మధ్య సోవియట్ యూనియన్‌లో 'ప్రక్షాళన' పేర నిరపరాధులైన కమ్యూనిస్టులను సైతం చంపారు. ఎవరు శరీరమో, ఎవరు రోగమో నిర్ణయించినవాడు ప్రతిసారీ అధికారంలో వున్నవాడే.

కణరోగశాస్త్రానికి పునాది వేసిన విర్చో శరీరాన్ని కణాల ప్రజాస్వామ్యంగా భావించాడు. కాని 1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరాన్ని పరిశీలించడానికి వెళ్లి, అక్కడి జనానికి కావలసింది చదువు, స్వేచ్ఛ, సుఖజీవనమని చెప్పినప్పుడు ఆయనకు ఏ కణమూ సాక్ష్యం రానక్కరలేకపోయింది. ఆకలిని చూడటమే చాలింది. ఆయన కణరోగశాస్త్ర గ్రంథం వెలువడింది మరి పదేళ్లకు, 1858లో.

పైగా ఈ వాదం శాస్త్రంలో సగాన్నే తీసుకుంటుంది. చావమనే సంకేతాలే కాదు, బతకమనే సంకేతాలూ వున్నాయి. బహుకణ జీవుల్లో అధికభాగం కణాలకు ఇతర కణాలనుంచి ఆ సంకేతం ఎడతెగకుండా అందుతూ వుండాలనీ, అది ఆగితే చస్తాయనీ 1992లో మార్టిన్ రాఫ్ ప్రతిపాదించాడు. ఈ ఆలోచనకు దారి వేసినవారిలో ఇటలీకి చెందిన రీటా లెవీ-మోంటాల్చినీ ముఖ్యురాలు. 1938 నాటి జాతి చట్టాలు యూదురాలని ఆమెను విశ్వవిద్యాలయానికి దూరం చేశాయి. ట్యూరిన్‌లో తన పడకగదినే ప్రయోగశాల చేసుకొని కోడిపిండాలను పరిశీలించింది. పిండంలో అవయవపు మొగ్గను తీసేస్తే, దానికోసం పుట్టిన నాడీకణాలు పెరగసాగి ఆ తరువాత చస్తున్నాయని గమనించింది. వాటికి అందవలసినదేదో అందడం లేదన్నమాట. అది నాడీవృద్ధి కారకమని 1950లలో అమెరికాలో తేలింది. 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిపి ఆమెకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆమెకు జరిగిన అన్యాయాన్ని చెప్పడానికి నాడీకణంతో పోలిక అక్కరలేదు. ఆ చట్టం చేసిన రాజ్యం ఏదో మనకు తెలుసు. కణానికి సంకేతం అందకపోవడంలో నేరస్థుడు లేడు. మనిషికి తిండీ మందూ అందకపోవడంలో చాలాసార్లు వుంటాడు. శరీరం ఉపమ ఆ నేరస్థుణ్ణి దాచిపెడుతుంది.

అయితే శాస్త్రానికీ నీతికీ సంబంధమే లేదా అని విద్యార్థులు అడగవచ్చు. వుంది. దేనివల్ల ఏది జరుగుతుందో, మనకు ఏది సాధ్యమో శాస్త్రం చెబుతుంది. కణం చావును అడ్డుకునే బీసీఎల్-2 ప్రోటీనును అణచే వెనెటోక్లాక్స్ అనే మందును 2016లో అమెరికాలో ఒకరకం రక్తకాన్సరుకు అనుమతించారు. ఆ మందు ఎవరికి అందాలి, ఎంత ధరకు అందాలి అనే ప్రశ్నకు జవాబు ఏ కణంలోనూ దొరకదు. దాన్ని తేల్చవలసింది మనం.

అమరులను గురించి రాసే కవులకు నా మనవి ఇంతే. తెలంగాణా సాయుధ పోరాటంలో ప్రాణాలిచ్చినవాళ్లు రాలిన ఆకులు కారు. తమకంటూ ఇల్లూ బిడ్డలూ భయాలూ వున్నవాళ్లు. వెనుదిరిగే వీలుండి కూడా ఎందరో నిలబడ్డారు. వాళ్లను కణాలతో పోల్చితే ఆ నిర్ణయాన్ని వాళ్లనుంచి లాక్కున్నట్లవుతుంది. అంతేకాదు, రేపు ఎవడైనా సమాజం పేరు చెప్పి మరొకణ్ణి చావమని ఆజ్ఞాపిస్తే, కాదనడానికి మన దగ్గర మాట మిగలదు.